సత్తు అనుకున్న ఫ్రేము

తిరువూరు మెయిన్ రోడ్డు మీద మా కొట్టుకు రెండు షట్టర్లు ఉండేవి. ఎడమ షట్టరు వెనక మా నాన్న సత్తు సామాన్లు అమ్మేవాడు. కుడి షట్టరు వెనక నేను సెల్‌ఫోన్లు బాగుచేసేదాన్ని. రెంటికీ మధ్య గోడ లేదు. బోర్లించిన తపేలాల వరుస ఎక్కడ అయిపోతే అక్కడి నుంచి నా కొట్టు మొదలైనట్టు.

మా వైపు అల్యూమినియాన్ని సత్తు అంటారు. సత్తు అంటే చులకనగా ఉంటుందనుకునేవాళ్ళు సిల్వర్ అంటారు. ఏ పేరుతో అడిగినా నాన్న తీసిచ్చే గిన్నె ఒకటే. నా చిన్నప్పుడు ఆయన సైకిలుకు వెనకా ముందూ గిన్నెలు కట్టుకుని గంపలగూడెం వైపు ఊళ్ళన్నీ తిరిగేవాడు. కొట్టు పెట్టాక సైకిలు మానేశాడు కానీ, ఆ ఊళ్ళ ఆడవాళ్ళు సొట్టలు పడ్డ గిన్నెలు పట్టుకుని కొట్టుకు రావడం మానలేదు. నాన్న కొయ్య సుత్తి తీసుకుని, గిన్నెను ఒళ్ళో బోర్లించుకుని, వాళ్ళతో పంటల సంగతులు మాట్లాడుతూనే సొట్ట తీసి ఇచ్చేవాడు. ఆ పనికి డబ్బు పుచ్చుకునేవాడు కాదు. సొట్ట ఉన్నచోటు తర్వాత వేలితో తడిమినా తెలియకూడదు. అది ఆయన పట్టుదల.

డిగ్రీ అయ్యాక నేను విజయవాడలో ఒక రిపేరు కొట్లో పని నేర్చుకుని వచ్చి, పెళ్ళయినా ఇదే ఊళ్ళో ఉండిపోయాను కాబట్టి, సగం కొట్టు అడిగాను. నాన్న తపేలాలు ఒక పక్కకు జరిపాడు. మొదట్లో నేను చేసే పని ఆయనకు పట్టలేదు. స్క్రూలు మరీ చిన్నవి, కళ్ళకు ఆనవు. పైగా ఫోనులో ఆయన గుర్తుపట్టగలిగిన వస్తువు ఒక్కటీ కనిపించలేదు.

ఒకరోజు ఖరీదైన ఫోను ఒకటి విప్పి, డిస్‌ప్లే, బ్యాటరీ, బోర్డు అన్నీ తీసేశాక మిగిలిన ఖాళీ ఫ్రేమును బల్ల మీద పెట్టాను. నాన్న దాన్ని తీసుకుని అరచేతిలో ఎగరేసి చూశాడు.

“ఇది సత్తు కదూ?” అన్నాడు.

అవునన్నాను. అది అల్యూమినియమేనని, దాదాపు మంచి ఫోనులన్నిటికీ చట్రం దాంతోనే చేస్తారని చెప్పాను. ఆయన మొహం వెలిగింది. ఆ వారమంతా బేసిను కొనడానికి వచ్చినవాళ్ళకీ, మూత కొనడానికి వచ్చినవాళ్ళకీ ఆ సంగతి చెప్పాడు. అంతంత డబ్బు పోసి కొనే ఫోన్లు కూడా సత్తువేనట, మా అమ్మాయి విప్పి చూపించింది అని. కొందరు నమ్మలేదు. నన్ను సాక్ష్యం అడిగితే, పని మీద నుంచి తలెత్తకుండానే అవునండి అనేదాన్ని.

నేను చెప్పబోయే ఫోను ఎ.కొండూరు వైపు ఒక హైస్కూల్లో సైన్సు చెప్పే టీచరుది. నలభై ఏళ్ళుంటాయి. మనిషి నెమ్మది. స్కూటీ డిక్కీలో వర్షం కోటు మీద ఫోను పెట్టి, సీటు మూతపడకపోతే గట్టిగా నొక్కి, పైన కూర్చుని తిరువూరు దాకా వచ్చేసింది. డిక్కీ తెరిచి చూస్తే ఫోను విల్లులా వంగి ఉంది. వెనక అద్దం పగిలింది. డిస్‌ప్లే ఒక అంచున పైకి లేచింది కానీ ఇంకా వెలుగుతూనే ఉంది. పిల్లలు చేసిన ప్రయోగాల ఫొటోలు, వీడియోలు అందులోనే ఉన్నాయట. అవి పోకుండా చూడమంది.

నేను ఆమె ముందే ఫోను విప్పాను. బోర్డు బాగానే ఉంది. బ్యాటరీ కాస్త వంపు తిరిగింది కాబట్టి ఇక వాడకూడదని, ఫ్రేము విజయవాడ నుంచి తేవాలని, నాలుగైదు రోజులు పడుతుందని చెప్పాను. ఆమె సరేనని వెళ్ళిపోయింది. నాన్న అదంతా తపేలాల అవతలి నుంచి వింటూనే ఉన్నాడు.

ఆమె వెళ్ళగానే, గిన్నెకు సొట్ట పడితే గిన్నె పారేస్తామా అని మొదలుపెట్టాడు. ఫోను ఫ్రేము గిన్నె కాదని నేను అన్నాను. సత్తేనని నువ్వే చెప్పావుగా అన్నాడు. వెంట్రుకవాసి వంకర ఉన్నా డిస్‌ప్లే కూర్చోదని, బిగిస్తే అద్దం మళ్ళీ పగులుతుందని చెప్పాను. ఆయన విన్నాడు. విని ఊరుకున్నాడనుకున్నాను. ఫ్రేమును ఒక ట్రేలో, బోర్డును ఇంకో ట్రేలో పెట్టి భోజనానికి ఇంటికి వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి ఆయన తన స్టూలు మీద ఫ్రేము పట్టుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన కొయ్య సుత్తి, మడత పెట్టిన తువ్వాలు, చిన్న చెక్క దిమ్మ. ఫ్రేము తిన్నగానే ఉంది. చేతికి తీసుకుని చూస్తే, వాల్యూమ్ బటన్ల కోసం వదిలిన రెండు రంధ్రాల దగ్గర అడ్డంగా చీలి ఉంది.

“అంతా బాగానే వచ్చింది. అక్కడొక్కచోట కాస్త మిగిలింది. ఇంకొక్క దెబ్బ వేశాను. టిక్కుమంది,” అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఇంకొకరి వస్తువును అడగకుండా ఎందుకు ముట్టుకున్నావన్నాను. ఇలాంటివి బయటికి తెలిస్తే ఇక్కడికి ఫోను ఎవరిస్తారన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. ఆయన తల దించుకుని తువ్వాలు మడత సర్దుతున్నాడు. కాసేపటికి నా కోపం తగ్గింది. ఎలాగూ మార్చేసే ఫ్రేమే కదా, ఆమెకు తెలియనే తెలియదు, పోనీలే అన్నాను. అప్పుడు మాత్రం తలెత్తాడు.

“మారుస్తావని నాకూ తెలుసు. అయినా ఇది ఆమె వస్తువు. ఆమెతో చెప్పాలి,” అన్నాడు.

వచ్చినప్పుడు చెబుదువులే అని నేను పనిలో పడ్డాను.

మర్నాడు పొద్దున నేను కొట్టుకు రాకముందే నాన్న షట్టరు సగం దించి, పక్కనున్న టైలరుకు కొట్టు చూస్తుండమని చెప్పి, ఎక్కడికో వెళ్ళాడు. మధ్యాహ్నం దాటాక వచ్చాడు. ఎక్కడికి వెళ్ళావంటే కొండూరు అన్నాడు. అక్కడ జరిగింది తర్వాత టీచరు చెబితేనే నాకు తెలిసింది.

ఆయన షేర్ ఆటో ఎక్కి, బడి ఎక్కడో అడుగుతూ వెళ్ళాడు. టీచరు ఎనిమిదో తరగతిలో ఉంది. గుమ్మం దగ్గర నిలబడి, తువ్వాలులో చుట్టిన ఫ్రేము బయటికి తీసి, “అమ్మా, మీ ఫోను నేను విరగ్గొట్టానండి,” అన్నాడట. ఆమె ఫోను మొత్తం పోయిందనుకుంది. బోర్డు భద్రంగా ఉందని, ఫొటోలకేం కాలేదని, విరిగింది ఇదొక్కటేనని ఆయన వివరించాక కుదుటపడింది.

“మీరెందుకు చేశారు బాబాయిగారూ?” అని అడిగిందట.

“సత్తు అనుకున్నానమ్మా,” అన్నాడట నాన్న. “నలభై ఏళ్ళుగా సత్తు సొట్టలే తీస్తున్నాను. ఇదీ అలాగే వంగుతుందనుకున్నాను. చివరి దెబ్బకు వంగలేదు, విరిగింది.”

పిల్లలు అందరూ ఇటే చూస్తున్నారు. ఆ నెలలోనే లోహాల పాఠం ఉంది. లోహాన్ని సాగగొట్టి రేకు చెయ్యవచ్చని అంతకు ముందు వారమే చెప్పిందట. లోపలికి రండి బాబాయిగారూ, ఏం జరిగిందో పిల్లలకు చెప్పండి అని ఆయన్ను తరగతిలోకి పిలిచింది.

మా నాన్న ఐదో తరగతితో చదువు ఆపేశాడు. ఆ తర్వాత బడి గదిలో నిలబడడం అదే మొదటిసారి అయి ఉంటుంది. రేకు ఎలా వస్తుంది, గిన్నె ఎలా అవుతుంది, సొట్టను చుట్టూ అంచు నుంచి మొదలుపెట్టి మధ్యకు ఎందుకు తీసుకురావాలి, ఇదంతా చెప్పాడట. పిల్లలు బాగానే విన్నారు. ఆ తర్వాత ఫ్రేము పైకెత్తి చూపించి, ఇది ఎందుకు విరిగిందో మాత్రం నాకు తెలియదు, మీ టీచరుగారు చెబుతారు అన్నాడట. టీచరు దాన్ని చేతిలోకి తీసుకుని, ఇందులో అల్యూమినియంతో పాటు వేరే లోహాలు కలిపి ఉంటారు, దాన్ని మిశ్రమలోహం అంటారు, గట్టిదనం కోసం అలా కలుపుతారు అని చెప్పింది. ఏ లోహాలు, ఎంతెంత అని ఒక అమ్మాయి అడిగితే, చూసి చెబుతానంది. తనకూ పూర్తిగా తెలియదని ఆయన ముందు ఒప్పుకోవడానికి సిగ్గనిపించలేదని నాతో అంది.

చివర్లో ఇంకొక అమ్మాయి లేచి, “తాతగారూ, టైటానియం ఫోను అయితే వంగదటగా?” అని అడిగిందట. ఆ పిల్లలకు ఏ ఫోను దేంతో చేస్తారో యూట్యూబులో చూసి నోటికి వచ్చు. మా నాన్న ఆ మాట అంతకు ముందు వినలేదు. నాకు తెలియదమ్మా, కనుక్కుంటాను అని చెప్పి వచ్చేశాడు.

ఆ సాయంత్రం కొట్టు కట్టేసేటప్పుడు ఆయన నన్ను అడిగిన ఒకే ఒక్క ప్రశ్న, టైటానియం అంటే ఏంటి అని. నాకు తెలిసింది చెప్పాను. సత్తుకంటే బరువు, ఇనుముకంటే తేలిక. చాలా గట్టిది. తుప్పు పట్టదు. కోసి ఆకారం తేవడం కష్టం, అందుకే ఖరీదు. విమానాలకు వాడతారు, విరిగిన ఎముకలకు వేసే ప్లేట్లకు వాడతారు. ఈమధ్య బాగా ఖరీదైన ఫోన్లకు కూడా వేస్తున్నారు. గిన్నెలు చేస్తారా అన్నాడు. ఎక్కడో చేస్తారేమో, మన దగ్గర నేను చూడలేదన్నాను. అయితే దాన్ని ఒకసారి చేత్తో పట్టుకుని చూడాలన్నాడు.

ఫ్రేము కోసం నేను విజయవాడ వెళ్ళాల్సిన రోజున తనూ వస్తానన్నాడు. మైలవరం మీదుగా బస్సులో దాదాపు ఒక పూట ప్రయాణం. ఆయనకు బస్సు పడదు. వద్దన్నా వచ్చాడు. నేను సరుకు తెచ్చుకునే కొట్టు ఒక సందులో మేడ మీద ఉంది. దాన్ని నడిపేది ఒక రాజస్థానీ కుర్రాడు. వాళ్ళ నాన్న కాలం నుంచి ఇక్కడే ఉన్నారు కాబట్టి మా అందరిలాగే తెలుగు మాట్లాడతాడు. నాకు కావలసిన ఫ్రేము వెతుకుతుంటే, నాన్న టైటానియం ఫ్రేము ఏదైనా ఉంటే చూపించమని అడిగాడు. కొనడానికి కాదని ముందే చెప్పాడు. ఆ కుర్రాడు నవ్వి, పాడైన ఫోను నుంచి తీసిన ఫ్రేము ఒకటి సొరుగులోంచి తీసి ఆయన చేతిలో పెట్టాడు. నాకోసం తీసిన అల్యూమినియం ఫ్రేము రెండో చేతిలో పెట్టాడు.

నాన్న రెంటినీ ఎగరేసి చూశాడు. గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. టైటానియం ఫ్రేమును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తిప్పి తిప్పి చూసి, లోపలి భాగం మీద వేలు పెట్టాడు.

“ఇక్కడంతా సత్తులాగే ఉందేంటి?” అన్నాడు.

“సత్తే పెద్దాయనా,” అన్నాడు కుర్రాడు. “టైటానియం బయట పట్టీ వరకే. లోపల అల్యూమినియం. రెండూ కలిపి అతికిస్తారు.”

నాన్న ఆ మాటకు సంబరపడతాడనుకున్నాను. పడలేదు. రెండు లోహాలు కలిసే గీత దగ్గర చాలాసేపు వేలితో రాస్తూ నిలబడ్డాడు. వేడి చేసి అతికిస్తారా, ఒత్తిడితోనా అని అడిగాడు. కుర్రాడికి తెలియదు. నేను ఎక్కడో చదివాను కానీ నమ్మకంగా చెప్పలేకపోయాను. వేడీ ఒత్తిడీ రెండూ అయ్యుంటాయన్నాను. నాన్న, “ఎంత ఓపికో,” అన్నాడు. అతికించేవాళ్ళ గురించి అనుకున్నాను. తిరుగు ప్రయాణంలో కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. కొండూరు రాగానే లేచి, బడి ఉన్న వైపు చూసి, మళ్ళీ పడుకున్నాడు.

టీచరు ఆదివారం ప్రార్థన అయ్యాక వచ్చి ఫోను తీసుకుంది. అప్పుడే పైన చెప్పిందంతా నాకు చెప్పింది. నేను సిగ్గుపడుతుంటే, మీ నాన్నగారు వచ్చి వెళ్ళాక పిల్లలు లోహాల పాఠంలో మిగతాది చెప్పమని తామే అడిగారండి అంది. విరిగిన ఫ్రేము బడి ల్యాబుకు కావాలంది. ఇచ్చాను. నాన్న ఆమెకు టైటానియం సంగతి చెప్పాడు. పట్టీ వరకే టైటానియం, లోపల సత్తే, ఆ అమ్మాయితో చెప్పండి అని రెండుసార్లు గుర్తుచేశాడు. ఆమె అలాగేనంది. రెండేళ్ళకు ఆమెకు బదిలీ అయింది. తర్వాత మేము కలవలేదు.

ఇది అయిన వేసవిలో విస్సన్నపేట నుంచి ఒక మామిడి వ్యాపారి రావడం మొదలుపెట్టాడు. టైటానియం ఫోను కొన్నాడు. మా కొట్లోకి వచ్చిన మొదటి టైటానియం ఫోను అదే. కాయలు కోసి ట్రేలలో పెడుతుంటే, ఉత్తరాది వ్యాపారులకు తోటలోంచే వీడియోలో చూపించేవాడు. ఎండలో పది నిమిషాలు చూపిస్తే ఫోను చేత్తో పట్టుకోలేనంత కాలుతోందని, మధ్యలో తెర మసకబారిపోతోందని, బేరం తెగే వేళకు ఆగిపోతోందని ఆయన ఫిర్యాదు.

నేను విప్పి చూస్తే లోపల లోపం ఏమీ కనిపించలేదు. అల్యూమినియం వేడిని త్వరగా చుట్టూ పంచి బయటికి వదిలేస్తుందని, టైటానియం అలా వదలదని, అది ఒక కారణం అయి ఉండవచ్చని చెప్పాను. అదొక్కటే కారణమని చెప్పలేనని, మా ఎండలకు ఏ ఫోనైనా కాలుతుందని కూడా అన్నాను. ఆయనకు నచ్చలేదు. సత్తు ఫోనులు వాడేవాళ్ళకు ఇది ఎలా అర్థమవుతుంది అన్నట్టు మాట్లాడాడు. సత్తు అన్న మాటను కాస్త వత్తి పలికాడు. వెనక తపేలాల దగ్గర నాన్న ఉన్న సంగతి గమనించలేదు.

నాన్న లేచి వచ్చి, ఫోను నీడలో పెట్టి, వెనక పౌచ్ తీసేసి చూపించండి, గాలి తగులుతుంది అన్నాడు. అంతే. వ్యాపారి ఆ తర్వాత అలాగే చేశాడు. కాస్త నయమని చెప్పాడు. పూర్తిగా తగ్గలేదు.

ఆ టైటానియం ఫోన్లు రెండు సీజన్లు నడిచాయి. తర్వాత ఆ కంపెనీవాళ్ళే పెద్ద ఫోనుకు మళ్ళీ అల్యూమినియం వేశారు. వ్యాపారి అదీ కొన్నాడు. ముదురు నారింజ రంగు. ముగ్గిన బంగినపల్లి గుజ్జు రంగని తనే చెప్పి నవ్వాడు. కెమెరా అంచు దగ్గర ఒకచోట రంగు లేచి, కింద తెల్లటి లోహం కనబడుతోందని తెచ్చాడు. అల్యూమినియానికి రంగు ఇలా పట్టించవచ్చని, కానీ మూలల దగ్గర గీత పడితే లోపలిది బయటపడుతుందని, దానికి పౌచ్ వేసుకోవడం తప్ప నేను చేయగలిగింది లేదని చెప్పాను.

ఆయనకు ఒక్కటే అర్థం కాలేదు. మంచి లోహం వదిలి తక్కువ లోహానికి ఎందుకు వచ్చారు అని. వేడి కోసం అంటున్నారండి, బరువు కోసం అంటున్నారు, ఖరీదు కోసమూ కావచ్చు అన్నాను. ఆయన నాన్న వైపు తిరిగి, మీరేమంటారు పెద్దాయనా అని అడిగాడు.

నాన్న ఏదో ఒకటి అంటాడని ఎదురుచూశాను. అంతకాలం సత్తును పొగుడుతూ బతికిన మనిషి. ఆ రోజు మాత్రం, “వాళ్ళకు ఏది కుదిరిందో అది వేసి ఉంటారండి,” అని, అప్పుడే వచ్చిన ఒకావిడకు జల్లిబుట్ట చూపించడానికి లేచాడు. వ్యాపారి ఫోను జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి అమ్మావాళ్ళింట్లో భోజనాల దగ్గర నేనే అడిగాను, ఎందుకు అలా అన్నావని. నాన్న అన్నం కలుపుతూ, ఫ్రేము విరిగినప్పటి నుంచి తనకు సత్తు గురించి అంతా తెలుసన్న ధైర్యం లేదన్నాడు. బాధగా చెప్పలేదు. కూరలో ఉప్పు చాలలేదని చెప్పినట్టు చెప్పాడు. అమ్మ మజ్జిగ వడ్డించింది. మేము వేరే సంగతుల్లో పడ్డాం.

సత్తు బేరం ఏటికేడాది తగ్గుతూనే వచ్చింది. స్టీలు వచ్చింది, నాన్‌స్టిక్ వచ్చింది, సత్తులో వండితే ఒంటికి మంచిది కాదని వాట్సాప్‌లో తిరిగింది. పెళ్ళి వంటలు చేసేవాళ్ళు మాత్రం పెద్ద డేగిశాలు కొంటూనే ఉన్నారు. పోయిన వేసవిలో గంపలగూడెం నుంచి ఒక వంటల మేస్త్రి వచ్చి ఉన్న నాలుగు పెద్ద డేగిశాలూ ఒకేసారి ఆటోలో వేసుకుపోయాడు. వాటి కింద గచ్చు మీద నాలుగు తెల్లటి గుండ్రాలు మిగిలాయి.

కొత్త డేగిశాలు తెప్పించమంటావా అని అడిగాను. వద్దన్నాడు నాన్న. ఆ స్థలంలో పౌచ్‌లు, టెంపర్డ్ గ్లాసులు పెట్టడానికి గాజు షోకేసు చేయిస్తానంటే సరేనన్నాడు. వడ్రంగి కొలతలు తీసుకుంటుంటే మాత్రం దగ్గరికి వచ్చి, ఇంత ఎత్తు వద్దు, నేను కూర్చుంటే రోడ్డు కనిపించాలి, గిన్నెలు పట్టుకుని బస్సు దిగేవాళ్ళు కనపడాలి అన్నాడు. వడ్రంగి పెన్సిలు గీతను జానెడు కిందికి దించాడు.